పచ్చ దీపం ఎంత పాతది? – క్లస్టర్ల మీద పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి సారం ఒకటే: తెర మీద అంతా బాగుంది, పని మాత్రం సాగడం లేదు. లేదా పని సాగుతోంది, తెర మాత్రం చచ్చిందంటోంది. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం క్లస్టర్లకే ఇచ్చాం. క్లస్టర్ అంటే పనిని పంచుకునే కంప్యూటర్ల గుంపు. అందులో ఒక్కో కంప్యూటర్ ఒక నోడు, పనులు పంచేది హెడ్ నోడ్. కమాండ్లను నోటితో పలికినట్టు రాశాం. కీబోర్డు మీద ఇంగ్లిష్ చిన్నక్షరాల్లో కొట్టండి. పెద్దక్షరం అవసరమైన చోట చెప్పాం.

ప్రశ్న: సార్, మా కాలేజీ ల్యాబులో 24 పాత డెస్క్‌టాప్‌లతో స్లర్మ్ క్లస్టర్ పెట్టుకున్నాం. హెడ్ నోడ్‌కి యూపీఎస్ ఉంది, మిగతావాటికి లేదు. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా నోడ్లు ‘డౌన్’ అని చూపిస్తాయి. పింగ్ కొడితే పలుకుతాయి, ఎస్‌ఎస్‌హెచ్‌తో లోపలికీ పోవచ్చు. బతికున్నదాన్ని చచ్చిందంటదేంది?
– ల్యాబ్ అసిస్టెంట్, ఒంగోలు

జవాబు: పింగ్‌కి పలికేది కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డు. నోడ్లకు పనులు పంచే స్లర్మ్ వాకబు చేసేది కెర్నల్‌ని కాదు, ఆ నోడు మీద నడిచే స్లర్మ్‌డీ అనే ప్రోగ్రామ్‌ని. వీధి దీపం వెలుగుతోందని ఇంట్లో మనిషి ఉన్నాడనుకోలేం కదా. హెడ్ నోడ్ మీది కంట్రోలర్ 6817 పోర్టులో (పోర్టు అంటే నెట్‌వర్క్‌లో ప్రోగ్రామ్ వినే తలుపు నంబరు), నోడ్ల మీది స్లర్మ్‌డీ 6818 పోర్టులో వింటుంటాయి. పలకరిస్తే బదులు రాకపోతే ముందు స్థితి పక్కన నక్షత్రం గుర్తు పడుతుంది. ‘ఐడిల్’ పక్కన నక్షత్రం ఉంటే, చివరిసారి విన్నప్పుడు ఖాళీగా ఉంది, ఇప్పుడు పలకడం లేదు, కొత్త పని ఇవ్వను అని అర్థం. స్లర్మ్‌డీ టైమవుట్‌ని మీరు మార్చకపోతే 300 సెకన్లు. అంతసేపూ ఉలుకూ పలుకూ లేకపోతే అప్పుడు ‘డౌన్’.

మీ దగ్గర మాత్రం కరెంటు రెండు నిమిషాలు పోయినా చాలు, నోడ్లు డౌన్ అవుతాయి. ఎందుకంటే యూపీఎస్ మీద ఉన్న హెడ్ నోడ్‌కి అంతా గుర్తుంటుంది. నోడు తిరిగొచ్చి పేరు నమోదు చేసుకోగానే, ‘నేను చెప్పకుండానే ఇది రీబూట్ అయింది’ అని పట్టేసి పక్కన పెడుతుంది. నోడ్ల స్థితి చూపే సిన్ఫో కొట్టి, ఖాళీ వదిలి, హైఫన్, పెద్దక్షరం ఆర్ ఇవ్వండి. ఏ నోడు ఏ కారణంతో పక్కకు పోయిందో, ఏ టైముకు పోయిందో వరసగా వస్తుంది. చాలామంది ఉత్త సిన్ఫో చూసి ఆగిపోతారు. అసలు కబురు ఈ కారణాల పట్టికలో ఉంటుంది.

దీన్ని నడిపించేది స్లర్మ్ కాన్ఫిగరేషన్ ఫైల్లో ‘రిటర్న్ టు సర్వీస్’ అనే సెట్టింగు. మామూలుగా 0 ఉంటుంది: డౌన్ అయిన నోడుని మనిషి వచ్చి లేపేదాకా స్లర్మ్ ముట్టదు. 1 పెడితే, పలకక డౌన్ అయినవి మాత్రం వాటంతటవే తిరిగొస్తాయి. అనుకోకుండా రీబూట్ అయినవి రావు. 2 పెడితే, కారణం ఏదైనా సరే, సరైన వివరాలతో నమోదు చేసుకుంటే చాలు, పనిలోకి తీసుకుంటుంది. వేసవిలో రోజుకు మూడు సార్లు కరెంటు పోయే ల్యాబుకు మేం 2 చెబుతాం. దీని వల్ల ర్యామ్ వదులైన మిషన్ కూడా దొంగచాటుగా వచ్చేస్తుందన్న భయం వద్దు. ఫైల్లో రాసిన మెమరీ కంటే తక్కువ కనిపిస్తే ‘మెమరీ తక్కువ’ అని స్లర్మే ఆపేస్తుంది. అయితే ఆ అంకె రాసేటప్పుడు స్లర్మ్‌డీ, హైఫన్, పెద్దక్షరం సీ చూపిన దానికంటే ఒక 100 ఎంబీ తగ్గించి రాయండి. కెర్నల్ అప్‌డేట్ అయినప్పుడు పది ఎంబీ అటూ ఇటూ అయి ల్యాబ్ మొత్తం పడుకోవడం మామూలే.

2 పెట్టినా కొన్ని లేవకపోతే గడియారం చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్ 2032, 3 వోల్టులది. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ ఏళ్ల వెనక్కి పోతుంది. స్లర్మ్ ఒకరినొకరు గుర్తుపట్టడానికి వాడే మంజ్ ముద్ర ఆయుష్షు 300 సెకన్లే. గడియారాల తేడా అది దాటితే నోడు పంపిన ముద్ర హెడ్ నోడ్‌కి గడువు తీరిపోయినట్టు కనిపిస్తుంది, లాగ్‌లో ‘ఎక్స్‌పైర్డ్ క్రెడెన్షియల్’ అని పడుతుంది. అటువైపు నోడు లాగ్‌లో ‘రివౌండ్’ అని, అంటే ముద్ర రేపటి తేదీతో వచ్చిందని ఉంటుంది. ఈ రెండు మాటలు కనిపిస్తే మంజ్ తాళంచెవి ఫైలు మార్చే పని పెట్టుకోకండి, బ్యాటరీ మార్చండి. మల్టీమీటర్‌లో 2.7 వోల్టుల కంటే తక్కువ చూపితే తీసి పారేయాల్సిందే. గడియారాన్ని సరిచేసే క్రోనీ సెట్టింగుల్లో ‘మేక్ స్టెప్’ వరస ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే క్రోనీ గడియారాన్ని మెల్లమెల్లగా జరుపుతుంది, ఏళ్ల తేడా అలా ఎప్పటికీ తీరదు. స్లర్మ్‌డీ లేచే ముందే టైము సరిపడాలి, మంజ్ లేవాలి. ఆ వరస, ప్రోగ్రామ్‌లను లేపే సిస్టమ్‌డీలో రాసిపెట్టుకోండి.

అన్నీ సరిచేశాక ఎస్‌కంట్రోల్ అప్‌డేట్‌లో నోడు పేరు, స్టేట్ ఈక్వల్‌టు రెజ్యూమ్ ఇస్తే లేస్తుంది. కారణం చూడకుండా రెజ్యూమ్ కొట్టే అలవాటు మాత్రం వద్దు.

ప్రశ్న: గ్రఫానాలో మా నోడ్లన్నీ పచ్చగా ఉన్నాయి. కానీ యూజర్లు లాగిన్ కాలేకపోతున్నారు. ఒక నోడు మీద లోడ్ 60 చూపిస్తోంది, సీపీయూ వాడకం 3 శాతం కూడా లేదు. డీఎఫ్ కొడితే ప్రాంప్ట్ తిరిగి రావడం లేదు. ఇది ఎట్లా సాధ్యం?
– సిస్టమ్ అడ్మిన్, నెల్లూరు

జవాబు: గ్రఫానా చూపే అంకెలను సేకరించే ప్రొమిథియస్‌లో ‘అప్’ విలువ 1 అంటే దాని అర్థం చాలా చిన్నది: 9100 పోర్టులో ఉండి నోడు వివరాలు ఇచ్చే నోడ్ ఎక్స్‌పోర్టర్‌ని అడిగితే గడువులోగా ఒక పేజీ వచ్చింది. మామూలు గడువు 10 సెకన్లు. ఆ పేజీ ఇవ్వడానికి హోమ్ డైరెక్టరీ పనిచేయనక్కర్లేదు.

లోడ్ సంగతి. లైనక్స్ లోడ్‌లో సీపీయూ కోసం క్యూలో ఉన్నవాటితో పాటు, డిస్కు కోసమో ఎన్‌ఎఫ్‌ఎస్ (నెట్‌వర్క్ మీద పంచుకునే ఫైళ్లు) కోసమో కదలకుండా ఆగిపోయిన ప్రాసెస్‌లనూ లెక్కేస్తారు. పీఎస్ కొడితే వాటి స్థితి గడిలో పెద్దక్షరం డీ ఉంటుంది. సీపీయూ ఖాళీగా ఉండి లోడ్ 60 అంటే అరవై ప్రాసెస్‌లు గుమ్మం ముందు నిలబడి ఉన్నాయని. డిస్కుల్లో ఖాళీ చూపే డీఎఫ్ వేలాడింది కాబట్టి గుమ్మం ఎన్‌ఎఫ్‌ఎస్సే.

తప్పు ఎవరిదో, కనెక్షన్ల జాబితా చూపే ఎస్‌ఎస్ చెబుతుంది. ఎన్‌ఎఫ్‌ఎస్ వాడే 2049 పోర్టుకు పోయే వరస వెతకండి. అందులో మొదట స్థితి, తర్వాత రెండు అంకెలు: రిసీవ్ క్యూ, సెండ్ క్యూ. ‘ఎస్టాబ్’ (కనెక్షన్ నిలబడి ఉంది) అని ఉండి సెండ్ క్యూలో ఒక పెద్ద అంకె తగ్గకుండా అలాగే ఉంటే, మనం పంపింది అవతలికి చేరినట్టు రసీదు రాలేదు. అప్పుడు కేబులు, స్విచ్, ఫైర్‌వాల్, లేదా సర్వరే ఆగిపోయి ఉండాలి. హైఫన్ ఓ కూడా ఇస్తే ఎన్నిసార్లు మళ్లీ పంపిందో కనబడుతుంది. రెండు క్యూలూ 0 అయి, అయినా పని కదలకపోతే, సర్వర్ ఉత్తరం అందుకుంది, జవాబు రాయడం లేదు. సర్వర్ డిస్కు చూడండి, ఎన్‌ఎఫ్‌ఎస్ థ్రెడ్ల సంఖ్య చూడండి. పాత లైనక్స్ పంపిణీల్లో అది 8 మాత్రమే. ముప్పై నోడ్లకు ఎనిమిది థ్రెడ్లంటే పెళ్లిలో ఎనిమిది మంది వడ్డించినట్టు, చివరి బంతికి వచ్చేసరికి సాంబారు చల్లారిపోతుంది. 32 గానీ 64 గానీ పెట్టండి.

ఈ చిక్కు చూసి మౌంట్‌ని (సర్వర్ ఫైళ్లను నోడుకు తగిలించే పద్ధతిని) ‘సాఫ్ట్’ చేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. వినకండి. ‘హార్డ్’ మౌంట్ సర్వర్ వచ్చేదాకా ఎదురుచూస్తుంది, విసుగు పుట్టిస్తుంది, కానీ రాసిన డేటా పోదు. సాఫ్ట్ మౌంట్ గడువు తీరాక తప్పు చెప్పి వదిలేస్తుంది. ఆ తప్పుని పట్టించుకోని ప్రోగ్రామ్ సగం ఫైలు రాసి, పూర్తయిందని చెప్పేస్తుంది.

పచ్చ దీపం అబద్ధం ఆడకుండా ఉండాలంటే అసలు పనిని పరీక్షించే స్క్రిప్టు ఒకటి కావాలి. ప్రతి నోడు మీద నిమిషానికోసారి హోమ్ డైరెక్టరీ మీద స్టాట్ (ఫైలు వివరాలు అడిగే కమాండ్) కొట్టాలి, ముందు టైమవుట్ పెట్టి, సిగ్నల్‌గా కిల్ ఇచ్చి, 5 సెకన్లు. ఫలితం 1 గానీ 0 గానీ నోడ్ ఎక్స్‌పోర్టర్ చదివే టెక్స్ట్‌ఫైల్ డైరెక్టరీలో రాయాలి. నేరుగా రాయకండి. పక్కన తాత్కాలిక ఫైల్లో రాసి, ఎంవీతో పేరు మార్చండి. లేకపోతే సగం రాసిన ఫైలుని ఎక్స్‌పోర్టర్ చదివేస్తుంది. స్క్రిప్టే ఆగిపోతే? నిన్నటి 1 అక్కడే కూర్చుని, నోడు బాగుందని చెబుతూనే ఉంటుంది. అందుకే ఆ ఫైలు చివరిసారి మారిన సమయాన్ని కూడా ఎక్స్‌పోర్టర్ ఇస్తుంది. ఆ సమయం నుంచి 180 సెకన్లు దాటితే మోగేలా అలర్ట్ పెట్టండి. మా లెక్కలో ఈ రెండో అలర్టే ముఖ్యమైనది. ఏ స్థితి చూసినా మొదట అడగాల్సింది ‘ఇది ఎప్పటి కబురు’ అనే.

ప్రశ్న: పదహారు మిషన్లలో ఒక్కటే నెమ్మది. ఫైళ్లు కాపీ చేస్తే సెకనుకు 11 ఎంబీ దాటదు. మిగతావి 110 దాకా పోతాయి. కార్డు మార్చాం, లాభం లేదు. మా బిల్డింగ్ సముద్రానికి దగ్గర.
– కావలి

జవాబు: పదకొండు ఎంబీ అన్నారంటే సగం జవాబు మీరే రాశారు. అది 100 మెగాబిట్ లింకు వేగం. ఈథ్‌టూల్ కొట్టి స్పీడ్ వరస చూడండి, 1000 బదులు 100 ఉంటుంది.

గిగాబిట్‌కు కేబుల్లోని నాలుగు జతలూ కావాలి. 100 మెగాబిట్‌కు రెండు జతలు చాలు: 1, 2 పిన్నులు, 3, 6 పిన్నులు. నీలం జతో గోధుమ రంగు జతో తెగితే లింకు చావదు, మెల్లగా 100కి దిగి కూర్చుంటుంది. దీపం వెలుగుతూనే ఉంటుంది కాబట్టి ఎవరూ అనుమానించరు. ప్లగ్గుని బయటికి లాగి వెలుగులో పట్టుకుని పిన్నులు చూడండి. సముద్రపు గాలికి బంగారు పూత పలచగా ఉన్న చవక ప్లగ్గుల మీద పచ్చని పొడి పేరుకుంటుంది. గీకి సరిచేయొద్దు, గీకితే ఉన్న పూత కూడా పోతుంది. ప్లగ్గు కోసేసి కొత్తది క్రింప్ చేయండి. స్విచ్ రంధ్రంలోనూ పచ్చదనం ఉంటే ఆ పోర్టు వదిలేసి వేరే దానికి మార్చి, వాడని పోర్టులకు రబ్బరు మూతలు పెట్టండి.

వేగం సరిగ్గానే ఉన్నా అనుమానం తీరకపోతే ఈథ్‌టూల్, హైఫన్, పెద్దక్షరం ఎస్‌తో సీఆర్‌సీ తప్పుల (దారిలో పాడైన పాకెట్ల) లెక్క తీసుకోండి. పది నిమిషాల తర్వాత మళ్లీ తీసుకోండి. మిషన్ లేచినప్పటి నుంచి పోగైన అంకె ఎంతున్నా ఫరవాలేదు, ఈ పది నిమిషాల్లో పెరిగిందా లేదా అనేదే లెక్క. పెరుగుతుంటే కేబులే. లింకుని బలవంతంగా 100 ఫుల్ డూప్లెక్స్‌కి (రెండు వైపులా ఒకేసారి పంపే పద్ధతికి) కట్టేయడం మాత్రం వద్దు. ఒకవైపు కట్టేస్తే రెండోవైపు హాఫ్ డూప్లెక్స్ (ఒకసారికి ఒకవైపే) అనుకుంటుంది, అప్పుడు వేగం ఇంకా పడిపోతుంది.

ఇంకో సంగతి, ఎల్‌ఎల్‌డీపీడీ వేసుకోండి. ఏ నోడు ఏ స్విచ్‌లో ఎన్నో పోర్టుకు తగిలించి ఉందో అదే చెబుతుంది, స్విచ్ కూడా ఎల్‌ఎల్‌డీపీ మాట్లాడేదైతే. కేబుళ్ల మీద అంటించిన కాగితం చీటీలు ఒక వానాకాలానికే రాలిపోతాయి.

ప్రశ్న: మా ఆఫీసులో నాలుగు సర్వర్ల చిన్న క్లస్టర్ ఉంది. ఎస్‌ఎస్ కొడితే వేలకొద్దీ ‘టైమ్ వెయిట్’, మూడు వందల దాకా ‘క్లోజ్ వెయిట్’ వస్తున్నాయి. టైమ్ వెయిట్ తగ్గించమని ఒకాయన కెర్నల్ సెట్టింగులు ఇచ్చారు. పెట్టొచ్చా?
– చీమకుర్తి

జవాబు: వేలు చూసి భయపడ్డారు, వందల్ని వదిలేశారు. చూడాల్సింది ఆ మూడు వందలనే.

టైమ్ వెయిట్ అంటే కనెక్షన్ పద్ధతిగా ముగిసింది, ముందుగా మూసినవాడు దారి తప్పిన పాకెట్ల కోసం కాసేపు ఆగుతున్నాడు. లైనక్స్‌లో ఆ కాసేపు 60 సెకన్లు. తర్వాత దానంతటదే పోతుంది. అది ఇబ్బంది పెట్టేది ఒకే సందర్భంలో: మీ సర్వర్ ఒకే అడ్రసు, ఒకే పోర్టుకు అదే పనిగా కొత్త కనెక్షన్లు తెరుస్తుంటే. బయటికి వెళ్లే పోర్టులు మామూలుగా 32768 నుంచి 60999 దాకా, మొత్తం 28232. ఒక్కోటి 60 సెకన్లు ఆగుతుంది కాబట్టి సెకనుకు దాదాపు 470 కనెక్షన్లు దాటితేనే పోర్టులు చాలవు. అంత ఉంటే కెర్నల్ని కాదు, ప్రోగ్రామ్‌ని మార్చాలి. కనెక్షన్ని ప్రతిసారీ మూయకుండా పూల్‌లో పెట్టి మళ్లీ వాడుకోవాలి. ఆయన ఇచ్చిన సెట్టింగులు ఇప్పటికి పక్కన పెట్టండి.

క్లోజ్ వెయిట్ వేరు. అవతలివాడు ముగించి వెళ్లిపోయాడు, మన ప్రోగ్రామ్ మాత్రం క్లోజ్ అనలేదు. దీనికి గడువు లేదు, ప్రోగ్రామ్ బతికున్నంతకాలం ఉండిపోతుంది. ఒక్కోటి ఒక్కో ఫైల్ డిస్క్రిప్టర్ని (తెరిచిన ఫైలుకో కనెక్షన్‌కో కెర్నల్ ఇచ్చే నంబరుని) పట్టుకుంటుంది. పరిమితి 1024 ఉన్న చోట మూడు వందలంటే ఇంకెంతో దూరం లేదు, తర్వాత ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అంటూ పడిపోతుంది. ఎస్‌ఎస్‌కి హైఫన్ పీ కూడా ఇచ్చి రూట్‌గా చూస్తే ఏ ప్రోగ్రామో పేరుతో సహా వస్తుంది. ఆ పేరు డెవలపర్‌కి పంపండి. రీస్టార్ట్ చేస్తే పోతాయి, కానీ మళ్లీ పేరుకుంటాయి.

‘సిన్ సెంట్’ వరసలు నిలబడిపోయి ఉంటే, పిలుపు వెళ్లింది, తిరుగు లేదు. అవతల మిషనే ఆగి ఉండాలి, లేదా ఫైర్‌వాల్ మింగేస్తుండాలి. అదే ‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని వెంటనే వస్తే సంతోషించండి: మామూలుగా మిషన్ బతికే ఉంది, దారి బాగుంది, ఆ పోర్టులో వినే ప్రోగ్రామే లేదు. టైమవుట్‌కీ రిఫ్యూజ్డ్‌కీ ఉన్న ఈ తేడా తెలిస్తే సగం వెతుకులాట తప్పుతుంది.

‘ఎస్టాబ్’ని కూడా గుడ్డిగా నమ్మకండి. అవతల మిషన్‌కి ప్లగ్గు పీకితే వీడ్కోలు పాకెట్ రాదు. మనవైపు పంపేదేమీ లేకపోతే ఆ వరస ఎస్టాబ్‌గానే ఉండిపోతుంది. ప్రోగ్రామ్ కీప్ అలైవ్ (బతికున్నావా అని తట్టి చూడటం) అడిగి ఉంటే కెర్నల్ 7200 సెకన్లు చూసి, ఆపైన 75 సెకన్లకోసారి 9 సార్లు తట్టి, అప్పుడు తెంచుతుంది. మొత్తం 2 గంటల 11 నిమిషాల 15 సెకన్లు. అడగకపోతే అసలు తెంచదు. క్లస్టర్ లోపల ఆ 7200ని 300కి, 75ని 30కి దించడం మేలు.

అడగని మాట ఒకటి. మీ ఊళ్లో గ్రానైట్ దుమ్ము ఉంటుంది కాబట్టి సర్వర్ సెన్సర్లను చదివే ఐపీఎంఐ టూల్‌తో ఫ్యాన్ వేగాలు, ఉష్ణోగ్రతలు వారానికోసారి రాసుకోండి. అదే పనికి ఫ్యాన్ల వేగం వారం వారం పెరుగుతుంటే ఫిల్టర్ మూసుకుపోతోందన్నమాట.

ప్రశ్న: నలభై మిషన్లు ఐదు నిమిషాలకోసారి క్రాన్ (టైము ప్రకారం కమాండ్లు నడిపేది) ద్వారా తమ స్థితిని ఎస్‌ఎస్‌హెచ్‌తో హెడ్ నోడ్‌కి పంపుతాయి. ప్రతిసారీ కొన్ని రావు, అవీ ఒక్కోసారి ఒక్కోటి. ‘కనెక్షన్ క్లోజ్డ్ బై రిమోట్ హోస్ట్’ అని లాగ్‌లో ఉంది.
– కందుకూరు

జవాబు: మీ గడియారాలు మరీ బాగా కలిసి నడుస్తున్నాయి, అదే చిక్కు. నలభై మందీ అదే సెకనులో తలుపు తడుతున్నారు. ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్‌లో ‘మ్యాక్స్ స్టార్టప్స్’ మామూలు విలువ 10:30:100. ఇంకా లాగిన్ పూర్తికాని కనెక్షన్లు 10కి చేరగానే కొత్తవాటిలో నూటికి 30 వంతున తోసేయడం మొదలవుతుంది. పెరిగేకొద్దీ ఆ వంతు పెరుగుతుంది, 100 దగ్గర అన్నీ తోసేస్తుంది. ఎవరిని తోయాలనేది చీటీల పద్ధతి, అందుకే ఒక్కోసారి ఒక్కో మిషన్.

పరిమితి పెంచడం కంటే స్క్రిప్టు మొదట్లో 0 నుంచి 90 సెకన్ల దాకా ఏదో ఒక ఆలస్యం పెట్టడం మంచిది. ఇంకా మంచిది దిశ మార్చడం: ఒకే కమాండ్‌ని చాలా నోడ్ల మీద నడిపే పీడీఎస్‌హెచ్‌తో హెడ్ నోడే అందరినీ అడగనివ్వండి. అది మామూలుగా ఒక్కసారికి 32 మందినే పలకరిస్తుంది. అవుట్‌పుట్‌ని డీఎస్‌హెచ్‌బ్యాక్ (ఈ పేరులో ఇంగ్లిష్ సీ అక్షరం లేదు, చివర కే ఒక్కటే), హైఫన్ సీ గుండా పంపితే ఒకే జవాబిచ్చినవాళ్లందరినీ ఒక కట్టగా చూపిస్తుంది. నలభైలో ముప్పై తొమ్మిది ఒక కట్ట, ఒకటి విడిగా కనబడిందంటే దాన్ని వెతకక్కర్లేదు. పైగా నోడు పంపే పద్ధతిలో కబురు రాకపోతే నోడు చచ్చిందో, దారి మూసుకుందో, క్రాన్ ఆగిందో తెలియదు. మనం అడిగే పద్ధతిలో తప్పు ఏ రకమో అప్పటికప్పుడే తెలుస్తుంది.

ప్రశ్న: ఎస్‌బ్యాచ్‌తో ఇస్తే జాబ్ నడుస్తుంది. లాగిన్ నోడ్ నుంచి ఎస్‌రన్ కొడితే మాత్రం వేలాడుతుంది. స్థితి అంతా ఐడిల్.
– ఎంటెక్ విద్యార్థిని, గూడూరు

జవాబు: ఎస్‌బ్యాచ్ పనిని క్యూలో పెట్టి వదిలేస్తుంది. ఎస్‌రన్ నడిచేటప్పుడు మాత్రం పనిచేసే కంప్యూట్ నోడ్లు మీ లాగిన్ నోడ్‌కి తిరిగి కనెక్షన్ పెట్టుకుంటాయమ్మా, అవుట్‌పుట్ మీ తెరకు చేర్చడానికి. ఏ పోర్టు అనేది అప్పటికప్పుడు తేలుతుంది. లాగిన్ నోడ్ ఫైర్‌వాల్ దాన్ని ఆపుతోంది. మీ అడ్మిన్‌కి చెప్పి స్లర్మ్ కాన్ఫిగరేషన్‌లో ‘ఎస్‌రన్ పోర్ట్ రేంజ్’ 60001 నుంచి 63000 అని రాయించి, ఆ పరిధిని క్లస్టర్ లోపలి నెట్‌వర్క్‌కి మాత్రమే తెరిపించండి.

ప్రశ్న: తుపాను రాత్రి ఒక్క గంటలో నా ఫోన్‌కి రెండు వందల అలర్ట్‌లు. అన్నీ ఆపేశాను. తెల్లారి చూస్తే మానిటరింగ్ సర్వరే పడిపోయి ఉంది, దాని గురించి ఒక్క మెసేజీ లేదు.
– కోవూరు

జవాబు: పడిపోయినవాడు తాను పడిపోయానని చెప్పలేడు. ఎప్పుడూ మోగుతూనే ఉండే ఒక ఉత్తుత్తి అలర్ట్ పెట్టి, దాన్ని క్లస్టర్‌కి బయట, వేరే ఊళ్లో ఉన్న చిన్న సర్వర్‌కి పంపండి. అది మూడు నిమిషాలు వినబడకపోతే ఆ బయటి సర్వర్ మీకు ఫోన్ చేస్తుంది.

రెండు వందల సంగతి: నోడు పడిందన్న అలర్ట్‌కి ‘ఫర్’ (ఎంతసేపు అలాగే ఉంటే మోగాలో చెప్పేది) 5 నిమిషాలు పెడితే చిన్న కరెంటు కోతలు వడపోతలో పోతాయి. అలర్ట్‌లను పంపే అలర్ట్ మేనేజర్‌లో ర్యాక్ వారీగా గ్రూపు కట్టండి. స్విచ్ పడితే దాని కింది నోడ్ల అలర్ట్‌లను అణచే నియమం రాయండి. అలా చేస్తే ఆ రాత్రి మీకు వచ్చేది ఒకటో రెండో.

స్విచ్ ప్లగ్గు ఎక్కడుందో కూడా ఒకసారి చూడండి. సర్వర్లన్నీ యూపీఎస్ మీద పెట్టి, స్విచ్‌ని గోడ సాకెట్‌లో వదిలేసిన గదులు చాలా ఉంటాయి. కరెంటు పోగానే అన్నీ బతికే ఉంటాయి, ఒకరికొకరు కనబడరు.